మా సుగ్గి లెక్క కూడా రాయండి: గోల్ఫ్ టూర్ పెద్దలకు ఒక క్యాడీ బహిరంగ లేఖ

దేశంలో ప్రొఫెషనల్ గోల్ఫ్ టూర్లు, అంటే ఊరూరా వరసగా జరిగే టోర్నమెంట్లు నడిపే పెద్దలకు, టోర్నమెంట్లకు డబ్బు పెట్టే కంపెనీలకు, మైదానాలున్న క్లబ్బుల కమిటీలకు, ఆటగాళ్లకు,

నమస్కారం.

మాది కర్నూలు జిల్లా కోసిగి మండలం. పదహారేళ్లు క్యాడీగా, అంటే ఆటగాళ్ల గోల్ఫ్ బ్యాగు మోసేవాడిగా పనిచేశాను. మొదట బెంగళూరులో రోజు కూలికి, చివరి ఏడు సీజన్లు టూర్ వెంట ఊరూరా తిరిగి. ఇప్పుడు ఆదోనిలో ఉగ్గాని బజ్జీల బండి నడుపుతున్నాను. ఎందుకు నడుపుతున్నానో కిందకి వచ్చేసరికి మీకే తెలుస్తుంది.

ఈ లేఖ మొదట మీకు విడిగానే రాశాను. ఒకటి రిజిస్టర్డ్ పోస్టులో, ఇంకోటి మెయిల్‌లో. మెయిల్ మా అన్న కూతురు టైపు చేసింది. పోస్టు అందినట్టు సంతకంతో కార్డు తిరిగొచ్చింది. మెయిల్‌కు మీ సందేశం అందిందని మిషన్ పంపిన రెండు ముక్కలు వచ్చాయి. ఆ తర్వాత పద్నాలుగు నెలలు గడిచాయి. అందుకే ఇప్పుడు నలుగురిలో పెడుతున్నాను. ఏ టూర్ పేరూ, ఏ క్లబ్బు పేరూ, నేను బ్యాగు మోసిన సార్ పేరూ ఇందులో ఉండవు. ఒకరి పరువు తీయడానికి రాస్తున్నది కాదిది.

మా వైపు సుగ్గి అనే మాట ఉంది. కోతల కాలం అని దాని అర్థం. మాకు మాత్రం సుగ్గి అంటే ఇంటికి తాళం వేసి పోవడమే. పత్తి, ఉల్లి పనులు అయిపోయాక ఊళ్లో చేయడానికేమీ ఉండదు. కోసిగి, ఆదోని, మంత్రాలయం రోడ్డు స్టేషన్లలో మూటలు, గిన్నెలు, చంటిపిల్లలతో జనం రైలెక్కుతారు. కొందరు గుంటూరు వైపు మిరపకాయ కోతకు, కొందరు తెలంగాణకు పత్తి తీయడానికి, కొందరు బెంగళూరుకు ఇళ్ల కట్టుబడి పనికి. సుగ్గికి పోయే ముందు మేస్త్రీ కూలి ఎంతో చెబుతాడు. చెప్పినంత ఇస్తాడా అన్నది వేరే సంగతి. చెప్పడం మాత్రం పది మందిలో చెబుతాడు. మీ సీజన్ వెంట నేను ఏడేళ్లు తిరిగాను. ఒక్క వారం కూడా నా కూలి ఇంత అని ఎవరూ కాగితం మీద రాయలేదు. ఈ లేఖంతా ఆ కాగితం గురించే.

నేను ఆట మీద ఇష్టంతో రాలేదు. అమ్మానాయనల వెంట బెంగళూరు పోయి అపార్ట్‌మెంట్ పనిలో ఇటుకలు మోస్తుంటే, గోల్ఫ్ మైదానంలో గడ్డి కోసే మా ఊరాయన ఒకడు కనిపించి, "ఇటుకలు మోసే బదులు బ్యాగు మోయరా, చెట్ల నీడన్నా ఉంటది" అన్నాడు. నాకప్పుడు పందొమ్మిదేళ్లు. మొదటి రోజు ఆ పచ్చదనం చూసి నాకు నోట మాట రాలేదు. మా చేనిలో బోరు ఎండి అప్పటికి రెండేళ్లు. ఇక్కడేమో గొడ్డు మేయని గడ్డికి రాత్రంతా నీళ్లు. ఆ నీళ్ల గురించి రాస్తే ఇంకో లేఖ అవుతుంది, వదిలేస్తాను.

మా ఊరివాళ్లూ ఇది చదువుతారు కాబట్టి క్యాడీ పని ఏమిటో చెప్పాలి. 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో అదితి అశోక్ నాలుగో స్థానంలో ఆగిపోయిన రోజు, గోల్ఫ్ అంటే తెలియనివాళ్లు కూడా తెల్లవారుజామున లేచి టీవీ పెట్టారు. ఆమె పక్కన బ్యాగు మోస్తూ నడిచింది వాళ్లమ్మ. ఆ పనే నాది.

బ్యాగులో నియమం ప్రకారం బంతి కొట్టే కర్రలు, వాటినీ క్లబ్బులనే అంటారు, 14 దాకా ఉంటాయి. గొడుగు, వాన కోటు, నీళ్లు, బంతులు, తువ్వాళ్లు కలిస్తే బరువు పదిహేను, ఇరవై కిలోల మధ్య తేలుతుంది. పద్దెనిమిది గుంతలు తిరగడానికి నాలుగైదు గంటలు, ఏడెనిమిది కిలోమీటర్ల పైనే నడక. అలా టోర్నమెంట్‌లో నాలుగు రోజులు, దానికి ముందు ప్రాక్టీసు రోజులు. మోత ఒక్కటే అయితే ఈ లేఖ రాసేవాణ్ణి కాదు. ముందుగానే మైదానమంతా ఒంటరిగా నడిచి, ఎక్కణ్ణుంచి గుంత చుట్టూ నున్నటి గడ్డి ఉండే గ్రీన్ ముందు అంచుకు ఎన్ని గజాలు, బంకర్ అనే ఇసుక గుంట దాటాలంటే ఎన్ని అని యార్డేజ్ బుక్ అనే గజాల పుస్తకంలో గుర్తులు పెట్టుకోవాలి. గాలి ఎటు తిరిగింది, గ్రీన్ మీద గడ్డి ఎటు వాలింది, నిన్నటి కంటే ఈ రోజు బంతి ఎంత జోరుగా దొర్లుతోంది చూసుకోవాలి. ఇసుకలో సార్ అడుగులు రేక్‌తో చెరపాలి. ఎనిమిదో ఐరన్ క్లబ్బుతో కొట్టాలా, తొమ్మిదో దాంతోనా అని అడిగితే చెప్పాలి. తప్పయితే మాట పడాలి, ఒప్పయితే నోరు మూసుకోవాలి. సార్ డబుల్ బోగీ కొట్టి, అంటే ఒక గుంతకు లెక్క కంటే రెండు దెబ్బలు ఎక్కువ తీసుకుని, తర్వాతి గుంత ఆట మొదలయ్యే టీ దాకా నడిచే ఆ మూడు నిమిషాల్లో ఏం మాట్లాడాలో, అసలు మాట్లాడాలో వద్దో తెలియడమే ఇందులో పెద్ద విద్య.

గోల్ఫ్ నియమాల పుస్తకంలో మాకు చోటుంది, పదో నియమంలో. క్యాడీ తప్పు చేస్తే పెనాల్టీ ఆటగాడికి పడుతుంది. 2019 జనవరిలో దుబాయ్ డెసర్ట్ క్లాసిక్‌లో చైనా ఆటగాడు లి హావోటాంగ్ చివరి గుంత దగ్గర పుట్‌కు, అంటే బంతిని గుంతలోకి దొర్లించడానికి నిలబడుతున్నప్పుడు క్యాడీ ఆయన వెనక, బంతి పోయే గీతలోనే ఉన్నాడని రెండు షాట్ల పెనాల్టీ వేశారు. ఆ నియమం ఆ నెలలోనే కొత్తగా అమల్లోకి వచ్చింది. అంటే నేను ఏ క్షణంలో ఎక్కడ నిలబడకూడదో కూడా ప్రపంచమంతా కూర్చుని రాసిపెట్టుకుంది. నా కాలు ఎక్కడుందో రాసుకున్నవాళ్లకు నా కూలి ఎంతో రాసుకోవడం కష్టమా?

ఇక నాకు జరిగింది. చివరి సీజన్ మధ్యలో, టోర్నమెంట్‌కు ముందు ప్రాక్టీసు రోజు. బంకర్‌లో వంగి రేక్ లాగుతున్నాను. పక్క గుంత నుంచి వేరే ఆటగాడు కొట్టిన బంతి గతి తప్పి వచ్చింది. "ఫోర్" అని, అంటే బంతి వస్తోంది జాగ్రత్త అని, అరిచారట. నాకు వినపడలేదు, వినపడినా ఇసుకలోంచి ఎటు ఉరకాలి? ఎడమ కంటి కింద ఎముక విరిగింది. ఆస్పత్రిలో ఆరు రోజులు, ఒక ఆపరేషన్. బిల్లు లక్షా ముప్పై ఎనిమిది వేలు. సార్ ఇరవై వేలు ఇచ్చాడు. తోటి క్యాడీలు షెడ్‌లో తువ్వాలు పరిచి పదకొండు వేలు పోగు చేశారు. మిగతాదానికి మా నాయన ఆదోనిలో నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చాడు.

టూర్ ఆఫీసులో అడిగితే, నువ్వు మా ఉద్యోగివి కావు, మీ ఆటగాణ్ణి అడుగు అన్నారు. క్లబ్బులో అడిగితే, ఆ వారం మైదానం టూర్ చేతిలో ఉంది, మాకేం సంబంధం అన్నారు. సార్‌ను మళ్లీ అడగడానికి నాకే నోరు రాలేదు. వరసగా మూడు వారాలు కట్ మిస్సయి, అంటే రెండు రోజుల ఆటకే బయటికొచ్చి పైసా రాక, హోటల్ బిల్లు అప్పు చేసి కట్టిన మనిషి ఆయన. ఎవరి మాట వాళ్లు చెబితే ఎవరిదీ తప్పు కాదనిపించింది. అప్పు మాత్రం మా నాయన పేరు మీద ఉంది.

ఇప్పుడు కిందకి చూస్తే నాకు ఒకటి రెండుగా కనిపిస్తుంది. గ్రీన్ వాలు చదవాల్సిన కన్ను అలా అయ్యాక క్యాడీగా పనికిరాను. బజ్జీలు వేయడానికి ఇబ్బంది లేదు.

మీరు వినాలని అడుగుతున్న విషయాలు ఇవి. నా ఒక్కడి కోసం కాదు. నా అప్పు నేను తీర్చుకుంటున్నాను.

1. కూలి కాగితం. టోర్నమెంట్ ఎంట్రీ ఫారంలో ఆటగాడి పేరు, ఊరు, క్లబ్బు అన్నీ నింపిస్తారు. దాని కిందే మూడు గీతలు గీయండి: క్యాడీ పేరు, వారానికి ఇచ్చే కూలి, గెలిచిన డబ్బులో వాటా. ఇద్దరూ సంతకం పెడతారు. ఒక నకలు మీ దగ్గర, ఒకటి క్యాడీ దగ్గర. మీకు దీనికి ఒక్క రూపాయి ఖర్చు లేదు.

ఇది లేకపోతే ఏమవుతుందో లోకానికంతా తెలిసిన కథ ఒకటుంది. 2018 నవంబర్‌లో మెక్సికోలో మయకోబా టోర్నమెంట్‌లో అమెరికా ఆటగాడు మాట్ కూచర్ గెలిచాడు. దాదాపు 13 లక్షల డాలర్లు వచ్చాయి. ఆ వారానికి బ్యాగు మోసింది ఆ ఊరి క్యాడీ, ఎల్ టుకాన్ అని పిలుస్తారు. ఆయనకు అందింది 5 వేల డాలర్లు. ముందు అనుకున్నదాని ప్రకారం అది తక్కువేమీ కాదని కూచర్ మొదట వాదించాడు. జనం తిట్టిపోశాక, 2019 ఫిబ్రవరిలో క్షమాపణ చెప్పి మొత్తం 50 వేల డాలర్లు అయ్యేలా ఇచ్చాడు. అమెరికా టూర్‌లో గెలిస్తే క్యాడీకి పదో వంతు ఇవ్వడం ఆనవాయితీ. ఆనవాయితీ అంటే మాట, మాట అంటే మరుపు. కూచర్‌ను సోషల్ మీడియా పట్టుకుంది కాబట్టి సరిపోయింది. మన దగ్గర పదిహేడో స్థానంలో నిలిచిన ఆటగాడు క్యాడీకి వాటా ఎగ్గొడితే ఏ పేపర్ రాస్తుంది?

నా లెక్క నేనే రాసుకున్న పుస్తకం ఉంది. గజాలు రాసుకున్న పుస్తకం వెనక పేజీల్లోనే. దెబ్బ తగలడానికి ముందు సీజన్‌లో 15 వారాలు తిరిగాను. ఏడు సార్లు కట్ దాటాం. కూలి, వాటా కలిపి నాకు వచ్చింది 1,98,000. రైలు ఛార్జీలు, లాడ్జిలో ఐదుగురం ఒక గదికి ఇచ్చిన అద్దె, తిండి పోగా మిగిలింది 85,500. అందరిదీ ఇంతే అనడం లేదు. ఎక్కువ వచ్చినవాళ్లున్నారు, ఇల్లు కట్టుకున్నవాళ్లూ ఇద్దరు ముగ్గురు నాకు తెలుసు. కానీ ఎవరికి ఎంత వస్తుందో టూర్‌కు తెలియదు. ఆటగాళ్ల సంపాదన మాత్రం రూపాయితో సహా పట్టికలో ఉంటుంది. 2024లో వీర్ అహ్లావత్ దేశవాళీ టూర్ సీజన్‌లో కోటిన్నర దాటించాడని మేమూ ఆ పట్టికలోనే చదివి సంతోషపడ్డాం.

2. బీమా. బిబ్, అంటే క్యాడీలు చొక్కా మీద వేసుకునే చేతుల్లేని కోటు, తొడుక్కుని మైదానంలోకి దిగిన ప్రతి మనిషికీ ఆ వారమంతా ప్రమాద బీమా, ఆస్పత్రి ఖర్చు ఉండాలి. ప్రాక్టీసు రోజు, ప్రొఫెషనల్స్‌తో కలిసి సరదాగా ఆడేవాళ్లు దిగే ప్రో-యామ్ రోజు కలుపుకుని. ప్రో-యామ్ రోజు ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, ఆ రోజు ఆడేవాళ్లలో చాలామందికి బంతి ఎటు పోతుందో వాళ్లకే తెలియదు. మేం చెట్ల వెనక నిలబడతాం.

ప్రధానమంత్రి సురక్షా బీమా ఉంది కదా అని ఒక సార్ అన్నాడు. ఉంది. ఏడాదికి 20 రూపాయలు నా ఖాతాలోంచీ పోతున్నాయి. చనిపోతే 2 లక్షలు, ఒక కన్ను పూర్తిగా పోతే లక్ష. కుట్లకు, ఆపరేషన్‌కు, ఒకటి రెండుగా కనపడడానికి అందులో ఏమీ లేదు. పూర్తిగా పోయుంటే బాగుండేదని మా నాయన ఒక రోజు బాధలో అన్నాడు. ఆ మాట ఆయన చేత అనిపించింది లేని బీమానే.

3. కట్ మిస్సైన వారం. రెండో రోజు సాయంత్రం బోర్డు మీద గీత పడుతుంది. గీత కింద మిగిలిన ఆటగాడికి ఒక్క రూపాయి రాదు. బరిలో సగానికి పైగా ఆ కింద ఉండేవాళ్లే. ఆయనకు రానప్పుడు నాకేం ఇస్తాడు? మంచివాడైతే సగం కూలి చేతిలో పెట్టి, మిగతాది వచ్చే వారం అంటాడు. ఆ వచ్చే వారం కూడా కట్ మిస్సయితే, అడగడానికి ఇద్దరికీ సిగ్గే. శుక్రవారం రాత్రి జనరల్ బోగీలో తలుపు దగ్గర కూర్చుని వచ్చిన ప్రయాణాలు ఎన్నో లెక్క లేదు.

ఆటగాడి మీద ఇంకా భారం వేయమని అడగడం లేదు. మన దేశంలో మామూలు టోర్నమెంట్‌కు బహుమతి మొత్తం కోటి రూపాయల దాకా ఉంటోంది, గెలిచినవాడికి 15 లక్షలు. అందులో నూటికి ఒక్క రూపాయి పక్కన పెడితే లక్ష. సీజన్‌కు ఇరవై టోర్నమెంట్లు అనుకుంటే ఇరవై లక్షలు. దాంతో కట్ మిస్సైన క్యాడీలకు స్లీపర్ టికెట్టు, రెండు రోజుల తిండి ఖర్చు వస్తాయి, బీమా ప్రీమియం కూడా చాలావరకు వస్తుంది. గెలిచినవాడికి 15 లక్షలకు బదులు 14 లక్షల 85 వేలు వస్తాయి. ఏ విజేతా ఆ పదిహేను వేల కోసం గొడవ పడడని ఆ సార్లను దగ్గర్నుంచి చూసినవాడిగా చెబుతున్నాను.

4. లోకల్ క్యాడీ. దీని గురించి ఎవరూ మాట్లాడరు, మేం టూర్ క్యాడీలం కూడా మాట్లాడలేదు, అది మా తప్పే. ఒక క్లబ్బుకు టోర్నమెంట్ వచ్చిందంటే వారం రోజులు సభ్యుల ఆట బంద్. అక్కడ ఏళ్లుగా రోజు కూలికి మోసే క్యాడీలకు ఆ వారం కూలీ బంద్. ఆటగాళ్లలో కొందరు మాలాంటివాళ్లను వెంట తెచ్చుకుంటారు, కొందరు లోకల్ వాళ్లను తీసుకుంటారు. ఎవరూ తీసుకోనివాళ్లు కంచె బయట నిలబడి చూస్తారు. వాళ్ల మైదానం, వాళ్ల గ్రీన్లు, ఏ గ్రీన్ సాయంత్రం పూట ఎటు లాగుతుందో వాళ్లకు తెలిసినంత ఎవరికీ తెలియదు.

అమెరికాలో అగస్టా క్లబ్బులో 1982 దాకా మాస్టర్స్ అనే పెద్ద టోర్నమెంట్ ఆడేవాళ్లంతా ఆ క్లబ్బు క్యాడీలనే తీసుకోవాలన్న పద్ధతి ఉండేది. వాళ్లంతా ఆ ఊరి నల్లజాతి వాళ్లు. 1983 నుంచి ఎవరి క్యాడీని వాళ్లు తెచ్చుకోవచ్చన్నారు. ఏడాదికంతా మంచి సంపాదన వచ్చే వారం ఆ ఊరివాళ్ల చేతిలోంచి చాలావరకు జారిపోయింది. ఆటగాడి ఇష్టాన్ని కాదనమని నేనూ అనను. పని పోయిన లోకల్ క్యాడీలకు ఆ వారం బంతులు వెతికే పని, స్కోర్ బోర్డు మోసే పని, తాళ్లు కట్టే పని ముందు ఇవ్వండి. బయటి ఏజెన్సీ నుంచి కుర్రాళ్లను తెచ్చుకోవడం తర్వాత.

5. సైరన్ మోగినప్పుడు. పిడుగుల భయంతో ఆట ఆపితే ఆటగాళ్లను వ్యాన్లలో క్లబ్ హౌస్‌కు తీసుకెళ్తారు. ఆ వ్యాన్‌లో మాకూ చోటివ్వండి. చెట్టు కింద బ్యాగు పట్టుకుని నిలబడేవాడి చేతిలో ఉన్నవి పద్నాలుగు ఇనప కడ్డీలు.

6. మంచినీళ్లు, మరుగుదొడ్డి, మధ్యాహ్నం భోజనం. వివరించాల్సిన పని లేదనుకుంటాను.

7. బిబ్ మీద పేరు. నా వీపు మీద, రొమ్ము మీద నాలుగు రోజులు కంపెనీ పేరు ఉంటుంది. టీవీలో ఆటగాడు కనిపించినప్పుడల్లా నా వీపూ కనిపిస్తుంది. 2015లో అమెరికాలో ఎనభై మందికి పైగా క్యాడీలు, బిబ్ మీద ప్రకటనలకు మాకు పైసా రావడం లేదని అక్కడి పీజీఏ టూర్ మీద కోర్టుకెళ్లారు. ఓడిపోయారు. టూర్ చెప్పిన యూనిఫాం వేసుకుంటామని వాళ్లు ముందే సంతకం పెట్టిన కాగితం ఉందని కోర్టు అంది. వాళ్లను ఓడించడానికైనా ఒక కాగితం ఉంది. మాకు ఓడిపోవడానికి కూడా లేదు. కంపెనీలవాళ్లను అడిగేది ఒక్కటే: బిబ్ ఖర్చు పద్దులో ఆ బిబ్ తొడిగిన మనిషికి కూడా ఇంత అని రాయండి.

8. పిల్లలు. సుగ్గికి పోయే ఇళ్లలో పిల్లల చదువు ఎలా ఆగిపోతుందో మా పడమటి కర్నూలులో ఏ పంతుల్ని అడిగినా చెబుతారు. నవంబర్‌లో హాజరు పట్టీలో ఉన్న పేరు జనవరిలో ఉండదు. టూర్ క్యాడీ ఇల్లూ అంతే. నాయన జాడ ఏ వారం ఏ ఊళ్లోనో ఉంటుంది, డబ్బు ఎప్పుడొస్తుందో తెలియదు, ఫీజు కట్టే రోజుకు రాదు. పెద్దవాడు చదువు మానేసి నాయనతో వస్తాడు. అలా బ్యాగు పట్టిన రెండో తరాన్ని నేను కళ్లారా చూశాను.

దీనికి మార్గం ఎప్పుడో చూపించినాయన ఉన్నాడు. చిక్ ఇవాన్స్ అని, తానూ క్యాడీగా మొదలైనవాడే. 1916లో ఒకే ఏడాది యూఎస్ ఓపెన్, యూఎస్ అమెచ్యూర్ రెండూ గెలిచాడు. డబ్బు కోసం ఆడని అమెచ్యూర్‌గా ఉండిపోవాలని, ఆట వల్ల వచ్చిన డబ్బు తాను ముట్టుకోకుండా క్యాడీ పిల్లల కాలేజీ చదువుకు పెట్టించాడు. 1930లో ఇద్దరు పిల్లలతో మొదలైంది. ఇప్పటిదాకా ఆ స్కాలర్‌షిప్ మీద ఫీజు, వసతి రెండూ కలిపి వేల మంది చదువుకున్నారు. మన టూర్ ఏడాదికి పది మంది పిల్లలతో మొదలుపెట్టినా చాలు. మా అన్న కూతురిలా మెయిల్ టైపు చేయగల పిల్లలు ప్రతి క్యాడీ ఇంట్లోనూ ఉన్నారు.

9. ఇది టూర్‌కు కాదు, మా జిల్లా కార్మిక శాఖ అధికారులకు. 2021లో ఈ-శ్రమ్ నమోదు మొదలైనప్పుడు నేనూ వెళ్లి పన్నెండంకెల నంబరు తెచ్చుకున్నాను. వృత్తి ఏమిటని అడిగితే క్యాడీ అన్నాను. నమోదు చేసే అబ్బాయికి అర్థం కాక కట్టడ కూలీ అని రాశాడు. అతన్ని అనడానికి లేదు. మా మండలాల నుంచి బెంగళూరు గోల్ఫ్ మైదానాలకు గడ్డి కోయడానికి, నీళ్లు పెట్టడానికి, బ్యాగులు మోయడానికి పోయేవాళ్లు ఉన్నారని మీ రికార్డులో ఉండాలి. సుగ్గి రైళ్లు కదలక ముందే, అంటే దసరా, దీపావళి మధ్యలో, కోసిగిలో ఒక క్యాంపు పెట్టి ఎవరు ఏ పనికి పోతున్నారో రాసుకోండి. మేం డిసెంబర్‌లో ఊళ్లో ఉండం.

మీరు ఏమంటారో నాకు తెలుసు. క్యాడీలు ఆటకు ప్రాణం అని ప్రైజులిచ్చే రోజు మైకులో అంటారు. ఢిల్లీ గోల్ఫ్ క్లబ్బులో బ్యాగు మోసిన అలీ షేర్ 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచిన కథ చెబుతారు. కోల్‌కతాలో గడ్డి పనివాడి కొడుకు ఎస్.ఎస్.పి. చౌరాసియా 2016లో, 2017లో అదే టోర్నమెంట్ వరసగా రెండు సార్లు గెలిచిన కథ చెబుతారు. రెండూ నిజమే, రెండూ విన్న ప్రతిసారీ నాకూ ఒళ్లు పులకరిస్తుంది. క్యాడీ షెడ్ గోడ మీద చౌరాసియా ఫోటో పెట్టుకుని దండం పెట్టే కుర్రాణ్ణి చూశాను. కానీ ఆ కుర్రాడు చౌరాసియా కాకపోతే? క్యాడీగానే యాభై ఏళ్లు వచ్చేదాకా పరువుగా బతికే దారి కూడా ఉండాలి కదా. నేను అడిగింది గెలిచే దారి గురించి కాదు.

ఇంకోటి కూడా అంటారు: క్యాడీ అనేవాడు ఆటగాడి మనిషి, టూర్ మనిషి కాదు. చట్టం ప్రకారం అది నిజమే కావచ్చు. 1997లో హాంకాంగ్ క్యాడీ ఒకడు ఇదే వాదన మీద లండన్‌లో ప్రివీ కౌన్సిల్ అనే పెద్ద కోర్టు దాకా పోయి ఓడిపోయాడు. క్లబ్బు ఇచ్చిన నంబరు, క్లబ్బు ఇచ్చిన యూనిఫాం, క్లబ్బు ఇచ్చిన లాకరు ఉన్నా అతను క్లబ్బు ఉద్యోగి కాదన్నారు. అందుకే నేను ఉద్యోగం అడగడం లేదు. మీరు బిబ్ ఇస్తారు, బిబ్ మీద నంబరు వేస్తారు, ఏ గేటులోంచి రావాలో ఎక్కడ నిలబడాలో చెబుతారు, బిబ్ లేకుండా లోపలికి రానివ్వరు. ఇన్ని చెప్పేవాళ్లు ఎంట్రీ ఫారంలో మూడు గీతలు గీయలేరా?

2025లో దేశంలో ఇంకో లీగ్ కూడా మొదలైంది. ఎవరు ఎటు ఆడాలన్న పేచీ పేపర్లో చదివాం. బయటి దేశాల్లో 2022లో లివ్ అనే కొత్త టూర్ వచ్చినప్పటి నుంచీ ఇదే గొడవ. ఆ పోటీకి భయపడి అమెరికా టూర్ కూడా బహుమతులు పెంచింది, ఒక్క ప్లేయర్స్ ఛాంపియన్‌షిప్‌కే రెండున్నర కోట్ల డాలర్లు. ఆటగాళ్లకు మంచిదే. ఏ టూర్ అయితే మాకేం, బ్యాగు బరువు అంతే. అయితే రెండు టూర్లు ఆటగాళ్ల కోసం పోటీ పడుతున్న ఈ సమయంలోనే, మా ఫారంలో క్యాడీ కూలి కూడా రాయిస్తాం అని ముందుగా అన్న టూర్‌కు మంచి పేరొస్తుంది. మీ లాభం కోసమైనా ఆలోచించండి.

ఆటగాళ్లకు ఒక మాట. సార్లూ, మీలో మంచివాళ్లే ఎక్కువ. కట్ మిస్సైన రోజు తన టిఫిన్ సగం నాకు పెట్టిన సార్ ఉన్నాడు. మా నాయనకు ఫోన్ చేసి ఏడ్చినాయన ఉన్నాడు. మీరు ఇవ్వడం లేదని కాదు నా బాధ. మీకు ఇవ్వాలనిపించినప్పుడు ఇవ్వడం, అనిపించనప్పుడు మానడం, దాని మీద నా ఇల్లు నడవడం, అదీ బాధ. మీరు కలిసి అడిగితే టూర్ వింటుంది. మేం అడిగితే పద్నాలుగు నెలలు పట్టింది, ఇంకా వినలేదు.

వచ్చే సీజన్ ఎంట్రీ ఫారాలు అచ్చు వేయకముందే జవాబు కావాలి. మొదటి రెండు అంశాలకైనా అవునో కాదో చెప్పండి. కాదంటే ఎందుకు కాదో రాయండి. మిగతావాటి మీద కూర్చుని మాట్లాడుకోవచ్చు. క్యాడీల తరఫున నలుగురం వస్తాం, మీరు ఎక్కడికి రమ్మంటే అక్కడికి. టికెట్టు మేమే కొనుక్కుంటాం.

ఇంగ్లిష్‌లో రాసినా ఇబ్బంది లేదు. పాప చదివి చెబుతుంది.

ఇట్లు,
ఒక మాజీ టూర్ క్యాడీ,
కోసిగి మండలం, కర్నూలు జిల్లా.